బంతి తగిలిన ఆ రెండు మిల్లీసెకన్లలో ఫోర్స్ ఎంత, ఎటువైపు? – పాఠకుల ఫిజిక్స్ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం బంతి చుట్టూనే తిరిగాయి, పరీక్షల లెక్కలు కొన్ని, గ్రౌండ్‌లో పుట్టిన సందేహాలు కొన్ని. అన్నిట్లో ఉన్న చిక్కు మాత్రం ఒకటే కాబట్టి ఈ సంచిక మొత్తం వాటికే ఇచ్చేశాం. మొదటి జవాబు కాస్త పెద్దది, ఓపిగ్గా చదివితే మిగతావి దానంతటవే విడిపోతాయి.

ప్రశ్న: సార్, మాక్ టెస్ట్‌లో ఒక లెక్క ఇచ్చారు. 160 గ్రాముల క్రికెట్ బాల్ సెకనుకి 30 మీటర్ల స్పీడ్‌తో, నేలతో 12 డిగ్రీల కోణం చేస్తూ పిచ్ మీద పడి, 25 మీటర్ల స్పీడ్‌తో 8 డిగ్రీల కోణంలో పైకి లేచింది, పిచ్‌ని తాకి ఉన్న టైమ్ 2 మిల్లీసెకన్లు, యావరేజ్ ఫోర్స్ కాంపొనెంట్లు ఎంత అని. నేను 30 లోంచి 25 తీసేసి 5 వేసుకుని, 0.16 తో గుణించి 0.002 తో భాగిస్తే 400 న్యూటన్లు వచ్చింది. కీ లో చూస్తే 367, 777 అని రెండు నంబర్లున్నాయి. అవెక్కణ్ణుంచి వచ్చాయి?
– ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ స్టూడెంట్, ఖమ్మం

జవాబు: నీ ఫార్ములా కరెక్టే నాన్నా, ద్రవ్యవేగంలో (అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేదానిలో) మార్పుని టైమ్‌తో భాగిస్తే యావరేజ్ ఫోర్స్ వస్తుంది, న్యూటన్ రెండో నియమం చెప్పేది అదే. తేడా ఎక్కడొచ్చిందంటే నువ్వు తీసేసింది వేగాలని (దిక్కుతో కలిపి చెప్పే వెలాసిటీలని) కాదు, స్పీడ్‌లని. ఆ 5 అనేది బాల్ ఎంత స్లో అయిందో చెప్తుంది గానీ ఎటు నుంచి ఎటు తిరిగిందో చెప్పదు. ఇది ఎంత పెద్ద తేడానో తెలియాలంటే ఒక బాల్‌ని గోడకి తిన్నగా కొట్టావనుకో, 30 తో వెళ్లి అదే 30 తో వెనక్కొచ్చిందనుకో, నీ పద్ధతిలో 30 లోంచి 30 పోతే సున్నా, అంటే గోడ బాల్‌ని అసలు నెట్టనే లేదని అర్థం వస్తుంది, మరి అది వెనక్కెలా వచ్చింది?

అందుకే ముందు ప్రతి వేగాన్నీ రెండు దిక్కుల భాగాలుగా, అంటే కాంపొనెంట్లుగా విడగొట్టాలి, ఆ తర్వాతే తీసెయ్యాలి. ఈ వరస మారకూడదు.

పిచ్ వెంబడి కీపర్ వైపు ఉన్న దిక్కుని ఎక్స్ అనుకో, నిటారుగా పైకి ఉన్నదాన్ని వై అనుకో. పడకముందు ఎక్స్ వేగం 30 × కాస్ 12° = 29.344, వై వేగం 30 × సైన్ 12° = 6.237, కానీ బాల్ కిందకి వస్తోంది కాబట్టి అది −6.237. లేచాక ఎక్స్ వేగం 25 × కాస్ 8° = 24.757, వై వేగం 25 × సైన్ 8° = 3.479, ఇది పైకి కాబట్టి ప్లస్. అన్నీ సెకనుకి మీటర్లలోనే.

ఇప్పుడు ఎక్స్‌లో మార్పు 24.757 − 29.344 = −4.587. వైలో మార్పు 3.479 − (−6.237) = +9.716. ఈ రెండోదాని దగ్గరే చాలామంది ఆగిపోతారు, తీసేస్తున్నాం కదా మరి పెరిగిందేంటి అని. 6 వేల అప్పులో ఉన్న మనిషి చేతిలో ఇప్పుడు 3 వేలు మిగులు ఉందంటే మధ్యలో వచ్చిన డబ్బు 3 వేలు కాదు కదా, 9 వేలు, ఎందుకంటే అప్పు తీరాకే మిగులు. పిచ్ కూడా అంతే, ముందు బాల్ కిందకి పడే వేగం మొత్తాన్ని చంపాలి, ఆ తర్వాత పైకి కొత్త వేగం ఇవ్వాలి.

ఇక మిగిలింది గుణకారం. ఎక్స్: 0.16 × (−4.587) ÷ 0.002 = −367 న్యూటన్లు. వై: 0.16 × 9.716 ÷ 0.002 = +777 న్యూటన్లు. నీ కీ లో ఉన్న రెండు నంబర్లూ ఇవే, కాకపోతే కీ లో మైనస్ గుర్తు మింగేశారు, నువ్వు మాత్రం రాయి, ఎందుకంటే ఆ మైనస్‌లోనే ఉంది పిచ్ బాల్‌ని వెనక్కి లాగిందన్న సంగతి. ఆ వెనక్కి లాగింది ఘర్షణ, అంటే ఫ్రిక్షన్, పైకి నెట్టింది నార్మల్ ఫోర్స్, అంటే తాకిన తలం తనకి లంబంగా నెట్టే ఫోర్స్. మొత్తం ఎంత అని అడిగితే రెండిటి వర్గాలూ కలిపి వర్గమూలం తీస్తే సుమారు 859 న్యూటన్లు, అది నిటారు గీత నుంచి బౌలర్ వైపుకి ఓ 25 డిగ్రీలు వాలి ఉంటుంది. నీకొచ్చిన 400 ఇందులో సగం కూడా లేదు, దానికి దిక్కూ లేదు.

ఇక్కడొక మంచి విషయం ఉంది, క్లాసులో చాలాసార్లు ఇది చెప్పకుండానే దాటేస్తారు, నాకు మాత్రం ఈ లెక్క మొత్తంలో ఇదే ఇష్టం. 367 ని 777 తో భాగించి చూడు, 0.47 వస్తుంది. ఇప్పుడు తాకిన టైమ్ 2 కాదు 1 మిల్లీసెకను అనుకో, రెండు ఫోర్సులూ డబుల్ అయి 734, 1555 అవుతాయి, కానీ ఒకదాన్ని ఇంకోదాంతో భాగిస్తే మళ్లీ అదే 0.47. అంటే కాంటాక్ట్ టైమ్ నీకు సరిగ్గా తెలీకపోయినా ఫోర్స్ ఏ దిక్కులో పనిచేసిందో మాత్రం పక్కాగా తెలుస్తుంది, వేగాలు తెలిస్తే చాలు. పైగా బాల్ తాకినంతసేపూ జారుతూనే ఉంటే ఆ 0.47 ఏకంగా పిచ్‌కీ బాల్‌కీ మధ్య ఘర్షణ గుణకం (రెండిటి మధ్య రాపిడి ఎంతో చెప్పే సంఖ్య) అవుతుంది, మధ్యలో జారడం ఆగి పట్టు దొరికితే మాత్రం అసలు గుణకం దీనికంటే ఎక్కువే ఉండి ఉంటుంది. టాప్ స్పిన్ వేసిన బాల్ అయితే కథ వేరు, అక్కడ ఘర్షణ ముందుకే నెట్టొచ్చు, ఎక్స్ కాంపొనెంట్ ప్లస్ కూడా రావొచ్చు.

పరీక్ష హాల్లో చెక్ చేసుకోడానికి కూడా గుర్తులే పనికొస్తాయి. ఈ లెక్కలోనే వై దగ్గర మైనస్ మర్చిపోయి 3.479 లోంచి 6.237 తీసేస్తే −221 న్యూటన్లు వస్తుంది, అంటే నేల బాల్‌ని కిందకి లాక్కుందని అర్థం, నేలకి జిగురు పూస్తే తప్ప అది జరగదు, కాబట్టి అక్కడే ఆగి వెనక్కి వెళ్లి చూసుకో. సైన్, కాస్ తారుమారు చేస్తే వై ఫోర్స్ 4 వేల న్యూటన్లు దాటేస్తుంది, అప్పుడు కూడా అనుమానం రావాలి.

గురుత్వాకర్షణ ఎందుకు కలపలేదు అని కూడా అడుగుతావేమో. బాల్ బరువు 0.16 × 9.8 అంటే 1.6 న్యూటన్లు కూడా లేదు, 777 పక్కన అది లెక్కలోకి రాదు. కానీ అదే బాల్ సెకనుకి 4 మీటర్ల వేగంతో మెత్తటి బురదలో పడి 0.1 సెకను తీసుకుని ఆగిందనుకో, ద్రవ్యవేగం మార్పు నుంచి వచ్చేది 6.4 న్యూటన్లే, దానికి బరువు 1.6 కలిపితేనే బురద నెట్టిన అసలు ఫోర్స్ 8 న్యూటన్లు అవుతుంది. టైమ్ పెరిగేకొద్దీ బరువుని వదిలేసే హక్కు తగ్గిపోతుంది అన్నమాట.

ప్రశ్న: సార్, 0.15 కిలోల బాల్, గంటకి 54 కిలోమీటర్ల స్పీడ్, బ్యాట్స్‌మన్ దాన్ని స్పీడ్ మారకుండా 45 డిగ్రీలు మళ్లించాడు, ఇంపల్స్ ఎంత? నాకు 1.72 వస్తోంది, పుస్తకం వెనక 4.16 అని ఉంది. మా ఫ్రెండ్స్‌లో సగం మందికి నాలాగే వచ్చింది.
– లాంగ్ టర్మ్ నీట్ స్టూడెంట్, విజయవాడ

జవాబు: నీ లెక్క తప్పు కాదమ్మా, నువ్వు గీసిన బొమ్మ వేరు, వాళ్లు గీసిన బొమ్మ వేరు. ఇంపల్స్ అంటే ద్రవ్యవేగంలో మార్పే. గంటకి 54 కిలోమీటర్లంటే సెకనుకి 15 మీటర్లు, ద్రవ్యవేగం 2.25. నువ్వు బాల్ వెళ్తున్న దారి నుంచి 45 డిగ్రీలు పక్కకి తిరిగిందనుకున్నావు, లెగ్ గ్లాన్స్ ఆడితే కీపర్ పక్కనుంచి వెళ్లినట్టు. అప్పుడు వెళ్లే ద్రవ్యవేగం కాంపొనెంట్లు +1.591, 1.591, మార్పు −0.659, 1.591, మొత్తం 1.72. పుస్తకం వాళ్లు బాల్ వెనక్కి బౌలర్ వైపు తిరిగొచ్చిందనీ, వచ్చిన గీతకీ వెళ్లిన గీతకీ మధ్య 45 డిగ్రీలుందనీ తీసుకున్నారు, స్ట్రెయిట్ డ్రైవ్‌కీ కవర్ డ్రైవ్‌కీ మధ్యలో ఎక్కడో కొట్టినట్టు. అప్పుడు వెళ్లే కాంపొనెంట్లు −1.591, 1.591, మార్పు −3.841, 1.591, మొత్తం 4.16. గమనించావా, వై కాంపొనెంట్ రెండిట్లోనూ ఒకటే, తేడా అంతా ఎక్స్ దగ్గరే వచ్చింది, ఎందుకంటే ఒకచోట బాల్ ముందుకెళ్లే వేగం కొంచెం తగ్గింది అంతే, ఇంకోచోట పూర్తిగా ఆగి వెనక్కి తిరిగింది.

ప్రశ్న సరిగ్గా అడగలేదనే నేనంటాను, ఏ కోణమో బొమ్మ వేసి చూపించి ఉంటే ఇంతమంది పిల్లలు ఇబ్బంది పడేవాళ్లు కాదు. కానీ నీ ఎగ్జామ్‌కి ఆ పుస్తకమే ఆధారం కాబట్టి అదే మాటలతో అదే లెక్క వస్తే 4.16 పెట్టు, వేరే చోట వస్తే ఆప్షన్లలో ఏది ఉందో చూసి బొమ్మ నిర్ణయించుకో.

ప్రశ్న: మా అబ్బాయి కోచింగ్‌కి వెళ్తున్నాడండీ, క్యాచ్ పట్టి వచ్చిన ప్రతిసారీ అరచేతులు కందిపోయి ఉంటున్నాయి. కోచ్ గారు చేతులు వెనక్కి తియ్యి అంటారట, వీడు తీస్తున్నానమ్మా అంటాడు. నిజంగా అంత తేడా ఉంటుందా?
– ఒక అమ్మ, గుంటూరు

జవాబు: ఉంటుందండీ, చాలా ఉంటుంది. సెకనుకి 25 మీటర్ల వేగంతో వచ్చే 160 గ్రాముల బాల్‌ని చేతులు బిగించి పట్టుకుంటే అరచెయ్యి మెత్తదనం వల్ల ఓ 3 సెంటీమీటర్లలో ఆగుతుందనుకుందాం, ఒకే తీరుగా వేగం తగ్గిందనుకుంటే అది 2.4 మిల్లీసెకన్లు, యావరేజ్ ఫోర్స్ 1667 న్యూటన్లు, అంటే సుమారు 170 కిలోల బరువు ఆ క్షణం చేతి మీద పడ్డట్టు. అదే బాల్‌తో పాటు చేతుల్ని 30 సెంటీమీటర్లు రానిస్తే టైమ్ 24 మిల్లీసెకన్లు అవుతుంది, ఫోర్స్ 167 న్యూటన్లకి దిగిపోతుంది. పదో వంతు.

మరి బాబు చేతులు తీస్తున్నా కూడా ఎందుకు కందిపోతున్నాయంటే, నా అనుమానం ఏంటంటే ఎటు తీస్తున్నాడన్నది చూడాలి. ఎత్తు క్యాచ్ అయితే బాల్ వాలుగా పై నుంచి దిగుతుంది. నేలతో 60 డిగ్రీల కోణంలో దిగుతోందనుకోండి, 25 లో అడ్డంగా ఉన్న వేగం 12.5 మాత్రమే, కిందకి ఉన్నది 21.65. చేతులు బాల్ దారిలోనే వెళ్తే ఆ 167 న్యూటన్లలో అడ్డంగా పడేది 83, నిటారుగా పడేది 144. కోచ్ గారు వెనక్కి అన్నారు కదా అని బాబు చేతుల్ని ఒంటి వైపుకి మాత్రమే లాక్కుంటే ఆ 83 మెత్తబడుతుంది గానీ పెద్దదైన కిందకి పడే వేగం మొత్తం అరచేతి కండలోనే ఆగాలి, అక్కడ దానికి దొరికేది మళ్లీ ఆ రెండు మూడు సెంటీమీటర్లే. కాబట్టి బాల్ ఎటు వస్తోందో అదే వాలులో, పై నుంచి వస్తే కిందకి, కడుపు దాకా తీసుకురమ్మనండి. అలాగే మెత్తటి బాల్‌తో కొన్నాళ్లు ఆ వాలు అలవాటు చేయించమని కోచ్ గారిని అడగండి, ఎముక నొప్పి, వాపు ఉంటే మాత్రం ముందు డాక్టర్‌కి చూపించండి, అది ఫిజిక్స్‌తో తేలేది కాదు.

ప్రశ్న: బ్యాట్ బాల్‌ని కొట్టినప్పుడు ఒక టన్ను ఫోర్స్ ఉంటుందని విన్నాను. టన్ను మీద పడితే చేతులు విరిగిపోవాలి కదా?
– ప్రైవేట్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: టన్ను అన్నమాట నిజమేనండీ. 160 గ్రాముల బాల్ సెకనుకి 35 మీటర్లతో వచ్చి అదే 35 తో తిరిగి వెళ్లిందనుకుంటే వేగం మార్పు 70, ద్రవ్యవేగం మార్పు 11.2, బ్యాట్‌కి తగిలి ఉండే టైమ్ సుమారు 1 మిల్లీసెకను, అంటే యావరేజ్ ఫోర్స్ 11,200 న్యూటన్లు, టన్ను కంటే కాస్త ఎక్కువే. పైగా అది యావరేజ్ మాత్రమే, ఫోర్స్ సున్నా నుంచి పెరిగి మళ్లీ సున్నాకి వస్తుంది, ఆ పెరగడం తగ్గడం సైన్ వంపులా ఉందనుకుంటే గరిష్ఠం యావరేజ్‌కి 1.57 రెట్లు, అంటే 17 వేలు దాటుతుంది.

కానీ ఆ ఫోర్స్ పడేది బ్యాట్ మీద, చేతుల మీద కాదు. అదీ వెయ్యో వంతు సెకను మాత్రమే. 1.2 కిలోల బ్యాట్ ఆ దెబ్బకి సెకనుకి ఓ 9 మీటర్ల వేగం కోల్పోతుంది, ఎక్కువ భాగం అక్కడే అయిపోతుంది. చేతులకి తెలిసేది హ్యాండిల్ వంగి కదిలినప్పుడు వచ్చే మిగతా భాగం, అది ఎక్కువ టైమ్‌లో పరుచుకుని వస్తుంది. బాల్ బ్యాట్ చివర్లో తగిలినప్పుడు చేతులు జివ్వుమంటాయి చూడండి, అప్పుడు బ్యాట్ తిరగడం, అదరడం ఎక్కువై ఆ మిగతా భాగం పెరుగుతుంది.

ఎడ్జ్ గురించి కూడా ఒక మాట. గంటకి 130 కిలోమీటర్ల బాల్, అంటే సెకనుకి 36 మీటర్లు, స్పీడ్ పెద్దగా తగ్గకుండా 10 డిగ్రీలు మాత్రమే పక్కకి తిరిగి స్లిప్‌లోకి వెళ్లిందనుకోండి, మార్పు 2 × 0.16 × 36 × సైన్ 5°, అంటే 1 న్యూటన్ సెకను. కాంటాక్ట్ టైమ్ అంతే అనుకుంటే 1000 న్యూటన్లు. స్పీడ్‌లు తీసేసే పద్ధతిలో ఇది కూడా సున్నా అనే వచ్చేది.

ప్రశ్న: నమస్కారమండీ. సైన్స్ ఫెయిర్‌కి మా తొమ్మిదో తరగతి పిల్లలతో బంతి ఫోర్స్ కొలిపించాలని ఉంది. ఫోన్‌లో స్లో మోషన్ ఉంది, వేరే పరికరాలు పెద్దగా లేవు. తాకిన టైమ్ ఎలా పట్టుకోవాలి?
– ఫిజికల్ సైన్స్ టీచర్, జిల్లా పరిషత్ హైస్కూల్, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: మాస్టారూ, క్రికెట్ బాల్ వద్దు, టెన్నిస్ బాల్ తీసుకోండి, అది మెత్తగా ఉంటుంది కాబట్టి నేలని కొన్ని మిల్లీసెకన్లు అంటిపెట్టుకుని ఉంటుంది, పిల్లలకి దెబ్బలూ తగలవు. అయినా సరే ఫోన్ వీడియోతో ఆ టైమ్ నేరుగా దొరకదు. సెకనుకి 240 ఫ్రేములంటే ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 4.2 మిల్లీసెకన్లు, బాల్ తాకడం, వదలడం మొత్తం ఒకటి రెండు ఫ్రేముల్లోనే ఐపోతుంది. వీడియోని వేగాల కోసమే వాడండి, దానికది బ్రహ్మాండంగా పనికొస్తుంది. వెనక గోడకి స్కేల్ అంటించి, ఫోన్‌ని కదలకుండా పక్క నుంచి సూటిగా పెట్టి తీయండి. మీటరు ఎత్తు నుంచి వదిలిన బాల్ నేల దగ్గరికొచ్చేసరికి సెకనుకి 4.43 మీటర్లు ఉంటుంది, అంటే ఫ్రేముకి 1.8 సెంటీమీటర్లు కదులుతుంది, పిల్లలు చేత్తో గుర్తులు పెట్టి కొలవగలరు. స్కూల్లో కంప్యూటర్ ఉంటే ట్రాకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఫ్రేము ఫ్రేముకీ బాల్ మీద క్లిక్ చేస్తే ఎక్స్, వై వేగాలు విడివిడిగా అదే ఇస్తుంది.

నిలువుగా వదిలే ప్రయోగానికైతే వీడియో కూడా అక్కర్లేదు, శబ్దం చాలు. మొదటి టప్పుకీ రెండో టప్పుకీ మధ్య టైమ్‌ని 9.8 తో గుణించి 2 తో భాగిస్తే మొదటి టప్పు తర్వాత బాల్ లేచిన వేగం వస్తుంది. 0.67 సెకన్లు వస్తే 3.28. ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఫోన్ మైక్‌తో ఈ టైమ్‌ని తీసిపెడుతుంది. అప్పుడు మార్పు 4.43 + 3.28 = 7.71, బాల్ 58 గ్రాములు, ఇంపల్స్ 0.447. తాకిన టైమ్ 5 మిల్లీసెకన్లైతే 89 న్యూటన్లు, 4 అయితే 112.

ఆ టైమ్ కొలవాలంటే ఒక పాత పద్ధతి ఉంది. బాల్ చుట్టూ వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్టండి, నేల మీద చెక్క పెట్టి దాని మీద రెండు ఫాయిల్ ముక్కలు పక్కపక్కన, మధ్యలో రెండు మిల్లీమీటర్ల సందు వదిలి అంటించండి. బాల్ సరిగ్గా ఆ సందు మీద పడితే రెండు ముక్కల్నీ కలుపుతుంది, కలిసి ఉన్నంతసేపే కరెంటు పారుతుంది. దగ్గర్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న స్కూలుంటే ఒక ఆర్డుయినో బోర్డు (ప్రోగ్రామ్ రాసుకోగల చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) అడిగి తెచ్చుకోండి, మైక్రోసెకన్లలో ఆ టైమ్ చెప్తుంది. ఫాయిల్ ముడతల వల్ల కరెంటు మధ్యలో తెగి మళ్లీ కలవొచ్చు, మొదట కలిసిన క్షణం నుంచి చివర విడిపోయిన క్షణం దాకా తీసుకోవాలి.

ఇంత చేశాక ఆ చెక్కని 30 డిగ్రీలు వాల్చి మళ్లీ మీటరు నుంచి వదిలించండి. ఇక్కడ అడ్డం, నిలువు అని విడగొట్టకండి, చెక్క వెంబడి ఒకటి, చెక్కకి లంబంగా ఒకటి తీసుకోండి, ఎందుకంటే ఘర్షణ, నార్మల్ ఫోర్స్ ఆ రెండు దిక్కుల్లోనే ఉంటాయి. పడేముందు 4.43 లో లంబంగా ఉన్నది 3.84, వెంబడి ఉన్నది 2.21. లేచిన తర్వాతవి వీడియో నుంచి తీసి పట్టికలో రాయించండి. చెక్క మీద ఒకసారి గోనెసంచి పరిచి, ఒకసారి నున్నటి ప్లాస్టిక్ షీట్ పరిచి చేయిస్తే వెంబడి కాంపొనెంట్ ఎలా మారుతోందో పిల్లలకి నంబర్లలోనే కనిపిస్తుంది. ఆర్డుయినో దొరక్కపోతే ఫోర్స్ కాలమ్ ఖాళీగా వదిలేసి ఇంపల్స్ కాంపొనెంట్లు, వాటి నిష్పత్తి రాయించండి, ఆ రెండిటికీ తాకిన టైమ్‌తో పని లేదు.